పొడుగుముక్కు దొర నాసికారక్షణము

గినీ సింధుశాఖపై జనించి, కొబ్బరితోపుల తలలు నిమిరి, చేపలు పొగబెట్టే మట్టిపొయ్యిల మీదుగా వచ్చి ఆ వాసనను కూడా కొంత మూటగట్టుకుని, చిన్నవానల మేఘమాల ఫాంటీ జాతివారి తీరపట్టణంపై వాలిన ఆ అక్టోబరు మాసంలో, బొప్పాయి చెట్లు ఛత్రచామరముల వలె ఊగుచుండగా, చేమాకులపై నీటిబొట్లు ముత్యముల వలె దొర్లుచుండగా, మోకాలికి గంజి, మోచేతికి సున్నం, చెవికొనకు గులాబీరంగు భూషణములుగా దాల్చిన ఒక మహావీరుడు ఎర్రరేకుల ఇంటి వెనుక వసారాలోకి వేంచేశాడు. ఎవడా వీరుడు? సైన్‌బోర్డు చిత్రకారచక్రవర్తి, కాగితపుగుజ్జు కళాధురంధరుడు, అరబాకు భర్త, మాన్సాకు తండ్రి, అత్తగారితో ఏ వాదంలోనూ ఎన్నడూ గెలిచి ఎరుగని ఎబో బైడూ!

కొత్త సంవత్సరం నాడు ఇత్తడి బాకాల మోతతో వీధులన్నీ చిందులు తొక్కే మారువేషగాళ్ల దళానికి ముందు నడిచేవాడు పొడుగుముక్కు దొర. ఆ దొర తొడుక్కునే గుజ్జుముఖం ఈ ఏడు తన చేతుల్లోనే రూపుదిద్దుకోవాలని ఎబో పంతం. పోయిన ఏడు ఆ గౌరవం పక్కవీధి వాడికి దక్కింది. దళపెద్ద ఎగ్యా ఒత్సిన్, ఎబో చేసిన ముఖాన్ని ఎగాదిగా చూసి, నలుగురి ముందు ఒక్క మాటన్నాడు: “నీ దొరకి జలుబు చేసినట్టుందిరా ఎబో. ముక్కు కారిపోతోంది.” ఆ వాక్యబాణం హృదయకవాటంలో విరిగి ఉండిపోగా, ఆ వీరుడు ఏడాది పొడుగునా ముక్కులను గూర్చియే తపస్సు చేశాడు. చర్చిలో ప్రార్థన చేస్తూ కూడా ముందువరస వాళ్ల ముక్కులే కొలిచేవాడు.

ఇల్లంతా ఆ యజ్ఞంలో పాలుపంచుకుంది. అరబా కుట్టుమిషను మీద దొరగారి కుచ్చుల అంగీ కుడుతోంది. అత్తగారు నానా ఎకువా కర్రపెండలం గంజి కాస్తూ, దొర చిందుకు పాట కడుతోంది. చిన్నారి మాన్సాకు మీసాలూ కనుబొమ్మలూ దిద్దే అధికారం దఖలుపడింది. శనివారం పొద్దెక్కాక వచ్చి చూస్తానని ఎగ్యా ఒత్సిన్ కబురంపాడు.

శుక్రవారం ఉదయం చూస్తే ముక్కు లేదు.

“ముక్కేదీ!” అని ఎబో చేసిన సింహనాదానికి రేకుల కప్పుపై పావురాలు లేచిపోయాయి.

“నీ మొహానే ఉందిగా,” అంది అరబా, మిషను తొక్కడం ఆపకుండానే.

“నాది కాదే! దొరది!”

నేలపై మెరిసే రజతరేఖ ఒకటి వసారా మెట్టు దిగి, తోటలోకి సాగి, చేమమడిలో అంతమైంది. అక్కడ, పిడికిలిని మించిన శంఖాకారదుర్గమును వీపున మోయుచు, నేత్రములను కొమ్ముల కొసల నిలిపి, నిశ్చింతగా, నిర్లజ్జగా, కడుపు నిండిన జమీందారు వలె, నత్త ఒకటి విశ్రమించి ఉంది.

నానా ఎకువా వంగి చూసి తల పంకించింది. “గంజి, కాగితం, పైన సున్నప్పూత. పళ్లుంటే నేనే తినేదాన్ని అల్లుడూ. దానికి డొప్ప గట్టిపడాలంటే సున్నం కావాలి మరి. ఉండు, కుండ తెస్తా. మిరపకాయలేసి పులుసు పెడితే నీ ముక్కు నీకే తిరిగొస్తుంది.”

“వద్దు నానా!” మాన్సా చేతులు చాపి అమ్మమ్మకు అడ్డం నిలబడింది. “అది నాది. దాని పేరు టీచరమ్మ.”

“అయితే పులుసులో వేశాక హాజరు పిలువు. పలుకుతుందేమో చూద్దాం.”

మాన్సా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడ ఒక దారుణసత్యాన్ని చెప్పక తప్పదు. నత్తల పులుసు ఉడుకుతోందంటే వీధివీధంతా గిన్నెలు పట్టుకుని లేచే ఆ తీరంలో పుట్టి పెరిగియు, ఎబో బైడూ నత్తను ముట్టలేడు. ఆ జిగట తలపుకొస్తే చాలు, వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. పెళ్లయిన కొత్తలో అత్తగారు వడ్డించిన పులుసును కళ్లు మూసుకుని మింగి, పెరట్లోకి పరుగెత్తిన ఉదంతాన్ని ఆమె ఈనాటికీ చుట్టాలందరికీ అభినయించి చూపుతుంది.

“నాన్నా,” అంది మాన్సా, “రేపు పొద్దున నాకు చర్చిలో పాటల ప్రాక్టీసుంది. నేనొచ్చేదాకా టీచరమ్మ పులుసవకూడదు.”

“అవదు.”

“ఒట్టు?”

“ఒట్టమ్మా.”

అత్తగారు నవ్వింది. “సరే, ఒప్పందం. నేను పట్టుకుంటే కుండలోకి. అల్లుడు పట్టుకుంటే అల్లుడి ఇష్టం.” అల్లుడు పట్టుకోవడమనే మాటకు అరబా కూడా మిషను ఆపి మరీ నవ్వింది.

ఆ పగలంతా ఎబో కొత్త ముక్కును నిర్మించాడు, బొగ్గుల కుంపటి వద్ద ఆరబెట్టాడు, సున్నం పూశాడు. ముఖాన్ని ముక్కాలిపీటపై ప్రతిష్ఠించి, పీటకాళ్లను నీళ్ల డబ్బాలలో నిలిపి, పరిఖాపరివేష్టితమైన దుర్గమును కల్పించాడు. నాసిక చెక్కుచెదరకుండా తెల్లవారింది. మాన్సా పాటలకు వెళ్లింది. వాన వెలిసింది. ఎబో దొర బుగ్గకు చివరి గుజ్జు మెత్తుతూ, తలెత్తి చూశాడు.

వసారా మెట్టుపై రెండు కొమ్ములు ఉదయించాయి.

పొడుగాటి కుంచెను గదాదండము వలె ఎత్తి, చెంగున లేచి, ఎబో ఇట్లు పలికాడు: “ఓరీ నాసికాభక్షకా! జిగురుజలచరా! కాదు, జలచరం కూడా కాని నేలబారు నీచుడా! ఏడాది తపస్సును ఒక్క రాత్రిలో నమిలిన నీకు ఈ ఎబో బాహుబలం తెలియదు! వెనుదిరుగు! లేదా ఈ వసారాయే నీకు రణరంగము!”

నత్త ఒక కొమ్ము లోపలికి ముడిచి, మళ్లీ చాచింది.

“గట్టిగా అరువు. చెవులుండవు దానికి,” అంది అరబా.

అంతట ఆ ఘోరసంగ్రామం మొదలైంది. నత్త ఒక జానెడు ముందుకు సాగే లోపల అరబా ఒక కుచ్చు కుట్టి, వంకరొచ్చిందని విప్పి, మళ్లీ కుట్టింది. ఎబో చుట్టూ ప్రదక్షిణం చేసి, పార్శ్వమున దాడి చేసి, కుంచె కొసతో నత్తను మెల్లగా నెట్టాడు. నత్త కదలలేదు. మరింత నెట్టాడు. అప్పుడా దుర్మార్గి, కుంచెను నిచ్చెనగా భావించి, దానిపైకి ఎక్కి, కాడ వెంబడి వీరుని వేళ్ల వైపు ప్రయాణం ప్రారంభించింది.

“అరబా! వస్తోందే! నా మీదికి వస్తోందే!”

ఆర్తనాదంతో ఎబో కుంచెను విదిలించాడు. నత్త ఆకాశమార్గమున లేచి, దుర్గపరిఖలను, నీళ్ల డబ్బాలను, సమస్త రక్షణవ్యూహమును సునాయాసంగా దాటి, దొరగారి బుగ్గమీది తడిగుజ్జులో మెత్తగా వాలింది. శత్రువును స్వహస్తముతో కోటలోపలికి విసిరిన సేనాపతి లోకంలో ఇతడొక్కడే! నత్త క్షణం తేరుకుని, ముక్కు దిక్కుగా తిరిగి, దాని కిందిభాగంలో భోజనానికి కూర్చుంది.

ముట్టలేక ఎబో చుట్టూ గంతులేస్తుండగా, అరబా నాలుగు కుచ్చులు కుట్టే లోపల అక్కడ బొక్క పడింది. సరిగ్గా అప్పుడే గేటు వద్ద “ఆగో!” అని, లోపలికి రావచ్చా అని అడిగే కేక వినిపించింది. ఎగ్యా ఒత్సిన్ వచ్చేశాడు. ఆ గొంతు విని, చేతిలో కుండతో నానా ఎకువా వంటింట్లోంచి పరుగున వచ్చింది.

“జరుగు అల్లుడూ. పెద్దమనిషి చూసేలోగా తీసేస్తా.”

“కుండెందుకత్తా?”

“ఒప్పందం ఒప్పందమే.”

“మాన్సాకి మాటిచ్చాను.”

“అయితే నువ్వే తియ్యి.” ఆమె ఎగతాళి చేయలేదు. కుండను చంకన పెట్టుకుని, నిజంగానే చోటిచ్చి పక్కకు జరిగింది. అదే ఎబోకు మరీ కష్టమైంది. ఎగతాళి చేస్తే కోపమైనా తెచ్చుకునేవాడు.

పాటలు పాడి ఇంటికొచ్చి తిన్నగా చేమమడి దగ్గరికే పరుగెత్తబోయే పిల్ల అతని కళ్ల ముందు మెదిలింది. ఎబో కుడిచేయి చాచాడు. బ్రహ్మాండము స్తంభించెను. కుట్టుమిషను ఆగెను. బొటనవేలు డొప్పను తాకెను, చూపుడువేలు తాకెను, నత్త బుసకొట్టి నురగ కక్కెను. అయినను ఆ చేయి వదల్లేదు. పీకగా, నత్త తన తడిపాదాన్ని అతని అరచేతి నిండా పరిచి, చల్లగా, తీరిగ్గా అతుక్కుంది.

“అమ్మో, అమ్మో, అమ్మో,” అనే వీరమంత్రాన్ని జపిస్తూ, అతడు గేటు దాటి వస్తున్న ఎగ్యా ఒత్సిన్ ముందు నుంచే నడిచి, చేమమడి చేరి, వంగి, టీచరమ్మను ఆకుల నీడన దించాడు.

“ఏరా ఎబో,” అన్నాడు పెద్దాయన, “నత్తతో కరచాలనమా?”

ఎగ్యా ఒత్సిన్ వసారాలోకొచ్చి, దొర ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు కింద పడిన బొక్కను వేలితో తడిమాడు. ముఖాన్ని తలకు తగిలించుకున్నాడు. అరబా అంగీ అంచును వేళ్ల మధ్య నలుపుతోంది.

“గాలాడుతోందిరా!” దొర లోపలినుంచి గొంతు వినిపించింది. “పోయినేడు ఆ పక్కవీధి మొహం పెట్టుకుని మావాడు ఊపిరాడక నడివీధిలో కూలబడ్డాడు. ఇదెలా తట్టిందిరా నీకు?”

ఎబో ఒక్క క్షణం ఊగిసలాడాడు. “నాకు తట్టలేదు ఎగ్యా. నత్త తింది.”

“అయితే దానికీ కాస్త గంజి పొయ్యి. ముక్కు కొస సరిచెయ్యి, బొక్క మాత్రం ముయ్యకు. ఈ ఏడు దొర మీ ఇంటినుంచే బయల్దేరతాడు.”

పెద్దాయన వెళ్లాక అరబా పులిసిన మొక్కజొన్నపిండి ముద్ద కెంకె, వేపిన చేపలు, మిరపకాయ నూరుడు ముందు పెట్టింది. ఎబో తినలేదు. కుడిచేయి ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు. ఎడమచేత్తో తింటే అత్తగారు ఇంట్లో ఉండనివ్వదు.

“కడుక్కోవయ్యా,” అంది అరబా.

“మాన్సా రానీ.”

మాన్సా వచ్చింది. అరచేతిలో ఆరిపోయి మెరుస్తున్న జిగటను చూసింది. వంగి వాసన చూసింది. తండ్రి ముఖంలోకి చూసింది.

“నువ్వేనా? చేత్తోనే?”

“చేత్తోనే.”

“భయమేసిందా నాన్నా?”

“చాలా వేసిందమ్మా.”

ఆమె ఆ చేతినే పట్టుకుని నీళ్ల తొట్టి దగ్గరికి నడిపించింది. ఆ విధముగా, ఒక నత్తను, పట్టపగలు, వట్టిచేత్తో, ఒకే కన్ను మూసుకుని, వసారా నుండి చేమమడి దాకా మోసి, దిగ్విజయము సాధించిన ఎబో బైడూ, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఆకలిగా భోజనానికి కూర్చున్నాడు.