ఫెరైన్ వంకాయ

సకల జనుల సమ్మెలో కాలేజీ మూతపడ్డాక స్టేషన్ ఘన్‌పూర్ ఇంగ్లిషు లెక్చరర్ సంజీవకు రెండు కష్టాలొచ్చాయి. జీతం ఆగింది. రోజుకో అరుదైన ఇంగ్లిషు మాట పట్టి, పొద్దుగూకేలోగా ఎవరిమీదో ఒకరిమీద వాడి తీరే అలవాటుకు పిల్లలు దొరక్కుండా పోయారు. మొదటి కష్టాన్ని హోటల్ అమీర్ అలీ భార్య మహబూబ్‌బీ తీర్చింది. సమ్మె ముగిసేదాకా సార్ తమ దగ్గరే తినాలని హుకుం వేసింది. ఒంటరి మనిషి, చారు పెట్టుకోవడం కూడా రాదు. ఆ మహాతల్లి లేకపోతే పస్తులే.

ఆ పొద్దున దొరికిన మాట 'ఫెరైన్'. అడవి మృగంలా క్రూరమైనది అని అర్థం. ఏ మంత్రిమీదైనా వాడొచ్చని ముచ్చటపడుతూ, తెలంగాణ కోసం రోడ్డుమీదే వండి తినే వంటావార్పు నిరసనకు బయల్దేరాడు.

అక్కడ మహబూబ్‌బీ పెద్ద డేగిశాలో వంకాయ కూర కలుపుతోంది. రుచి చూడమని తొలి ముక్క సార్ చేతిలోనే పెట్టింది. గొంతు దిగేలోగా కారానికి అతని ప్రాణం పైకొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ "ఫెరైన్" అన్నాడు. అంటే ఏందని ఆమె గంటె పట్టుకునే అడిగింది. సంజీవకు రేపటి భోజనం గుర్తొచ్చింది.

"మస్తుగున్నదని, అక్కా."

అమీర్ అలీ పొంగిపోయి ఆ మాటను మైకులో చెప్పించాడు. దీక్షా శిబిరంలో ఒకాయన మన పోరాటం ఫెరైన్ అంటే చప్పట్లు మోగాయి. కరెంటాఫీసు తుల్సీరాం తన కొత్తకోడలు ఫెరైన్ అని బజారంతా చాటాడు. కోడలు సంబరపడింది, అత్త మూతి ముడిచింది. వారం తిరిగేసరికి హోటల్‌కు కొత్త బోర్డు లేచింది: 'ఇచ్చట ఫెరైన్ భోజనం దొరుకును'. సంజీవ దాని కిందనుంచి తల వంచుకుని వెళ్ళి, తిని, తల వంచుకునే వచ్చేవాడు.

ఇంతలో హన్మకొండలో డిగ్రీ చదివే మహబూబ్‌బీ బిడ్డ కహ్కషాన్ హాస్టల్ నుంచి ఇంటికొచ్చి, బోర్డు చూసి డిక్షనరీ తీసింది. కాసేపటికి సార్‌ను రమ్మని కబురొచ్చింది. పాపం, సంజీవ బయల్దేరాడు. కూడు పోతే పోయింది, పెట్టిన చేతిని నొప్పించానే అని అతనికి నిజంగా బాధేసింది.

తప్పయిందని గడప దగ్గరే ఒప్పుకున్నాడు. మహబూబ్‌బీ పీట వేసింది.

"మీ కండ్లల్ల నీళ్ళు సూసినప్పుడే సమజైంది సార్. ఆనాడు వంకాయలు తక్కువ, జనం ఎక్కువ. గందుకే కారం గుమ్మరించిన. జరంత కూరకు తలా ఇంత అన్నం కలుపుకున్నరు, అందరికి సరిపోయింది."

"మరి గా బోర్డు?"

"ఉండనియ్యుండ్రి, గిరాకీ బాగున్నది." ఆమె పళ్ళెంలో అన్నం పెట్టింది. "రేపు మల్ల వంటావార్పు ఉన్నది. వంకాయలు ఇంక తక్కువున్నయి. గింతకన్న పెద్ద మాట ఒకటి సూసి పెట్టుండ్రి."

ఆ సాయంత్రం సంజీవ డిక్షనరీ జోలికి పోకుండా పెరుగు ప్యాకెట్ కొనుక్కున్నాడు.