పేరు పట్టే చక్రం

సూరత్ పక్కన జోల్వాలోని తెలుగు మగ్గం కార్మికుల సంక్షేమ సంఘం తన పాత చిన్న కారుకు సరైన చక్రాలు ఎంపిక చేసే మహత్కార్యాన్ని మూడు సమావేశాల్లో, రెండు తీర్మానాలతో, ఒక్క సభ్యుడు కూడా కారు దగ్గరికి వెళ్లే అవసరం లేకుండా దిగ్విజయంగా పూర్తి చేసింది.

కారు ఇరవై ఎనిమిదేళ్ల నాటి తెల్ల మారుతి. మగ్గాల షెడ్లలో ఎవరి వేలు నలిగినా, ఎవరికి నొప్పులొచ్చినా సూరత్ పెద్ద దవాఖానకు చేర్చేది అదే. నడిపేది లింగమూర్తి. ముప్పై ఏళ్లు మగ్గం ముందు నిలబడి, చెవులు సగం పోయాక స్టీరింగ్ పట్టిన మనిషి. మంగళ, శుక్రవారాల్లో వెనక సీటు ఆయన భార్య కనకవ్వది. ఆమె కిడ్నీలు పనిచేయవు. వారానికి రెండుసార్లు మెషిన్ మీద రక్తం శుద్ధి చేయించకపోతే కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరాడదు.

చక్రాలు తుప్పు పట్టి టైర్లలో గాలి నిలవడం మానేసిన రోజున లింగమూర్తి సంఘం ఆఫీసుకు వెళ్లి తనకు తెలిసినంతలో చెప్పాడు.

“పన్నెండు ఇంచుల ఇనుప చక్రాలు, నాలుగు బోల్టులవి. గంతే. పాతవైనా నడుస్తయి.”

ఇంత చిన్న మాట చెప్పినందుకు సభ్యులు ఆయన్ను జాలిగా చూశారు. అధ్యక్షుడు సోమలింగం ఓపికగా బోధించాడు.

“గిట్ల సంఘం ఇజ్జత్ తీయకు లింగన్నా. చక్రమంటే దాత ఉండాలె. దాతంటే పేరుండాలె. నీ ఇనుప చక్రం మీద పేరు యాడ పడ్తది?”

ఆయన అన్నది నిజం. సంఘంలో పేరు లేని వస్తువు లేదు. నీళ్ల కుండ ఒకరిది, దాని మూత వేరొకరిది. ఫ్యాన్ మూడు రెక్కల మీద మూడు కుటుంబాల పేర్లున్నాయి. తిరిగితే అవి కనబడవు కాబట్టి మే నెలలో కూడా దాన్ని వేయరు. సభ్యులు చెమట తుడుచుకుంటూ పైకి చూసి పేర్లు చదువుకుంటారు. చల్లగానే ఉంటుందట.

కాబట్టి చక్రాలకు కావలసిన అర్హత ఒక్కటే అని తీర్మానించారు: పేరు పట్టాలి. కారును కొలవడానికి ఎవరూ రాలేదు గానీ, పేర్లను కొలవడానికి దుకాణాల బోర్డులు చెక్కే ఆయన రింగ్ రోడ్ నుంచి టేపు పట్టుకుని వచ్చాడు. సంఘం సభ్యుడు బక్కయ్య పేరు పొట్టిది; పన్నెండు ఇంచుల్లో హాయిగా ఇమిడింది. సోమలింగం ముందు ‘అధ్యక్షులు’ అని ఉండాలి గనుక పదమూడు. చీరల వ్యాపారి నరహరి తన పేరుతో పాటు దుకాణం పేరు, ‘హోల్‌సేల్ మాత్రమే’ అన్న మాట కూడా చెక్కమన్నాడు గనుక పద్నాలుగు. హజీరా ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు రామలింగేశ్వరరావు గారికి పదిహేనుకు తక్కువైతే ‘రావు’ వాల్వు మీదికి వెళ్తుందని తేలింది. నాలుగు సైజులూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి.

ఇక వెనక చక్రాలు తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే, ఇంజనీరు గారే లేచి ఉపన్యసించారు.

“మిత్రులారా, ముందు చక్రం దారి చూపుతుందంతే. లోకాన్ని నెట్టుకొచ్చేది వెనక చక్రమేనండీ. ఆ మహాభాగ్యాన్ని నేను త్యాగం చేస్తున్నాను.”

ఆ విధంగా ముందు కుడి చక్రం ఆయనకు దక్కింది. ఈ కారును లాగేది ముందు చక్రాలేనని లింగమూర్తికి తెలుసు. కానీ ఆయన ఇంజనీరు, తను మగ్గం మనిషి.

మడ్‌గార్డులు కోసి, చక్రాల్లోనే బోల్టుల రంధ్రాలు కొత్తగా తొలిచి బిగించారు. కారు ఒక మూల కుంగి, ఒక మూల లేచి, అరుగు మీద కాలు పెట్టిన మేకలా నిలబడింది. ఎడమకు తిప్పితే చక్రం రేకును గీకేది. ఎడమ తిరగాలంటే మూడుసార్లు కుడికి తిరగాలి. ఇవి చిన్న లోపాలు. అసలు లోపం ప్రారంభోత్సవం నాడు బయటపడింది. కారు వేదిక ముందు ఆగేసరికి నరహరి పేరు తలకిందులుగా ఉంది.

“ఇది కుట్ర” అన్నాడు నరహరి.

అత్యవసర తీర్మానం వచ్చింది. కారు ఎక్కడ ఆగినా నాలుగు పేర్లూ నిటారుగా ఉండాలి. అలా ఆగినట్టు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాకే లోపలివారు దిగాలి. పర్యవేక్షణకు బక్కయ్యను నియమించారు. చీర అంచులో పూల బుటీలు ఏ పోగు దగ్గర కలుస్తాయో మనసులోనే లెక్కగట్టే లింగమూర్తి, ఈ నాలుగు పేర్లూ పక్క జిల్లాలోని నవ్సారి దాటేలోపు ఒకసారైనా కలవవని మొదటి రోజే తేల్చుకున్నాడు.

శుక్రవారం దవాఖాన గేటు ముందు కారు జానెడు ముందుకు, బెత్తెడు వెనక్కి నడిచింది. బక్కయ్య కిందికి దిగి చుట్టూ తిరిగాడు.

“జర ముందుకు, అన్నా. సోమలింగమన్న సక్కగైండు. ఆగు, ఇంజనీర్ సాబ్ పండుకున్నడు.”

“బక్కయ్యా” అంది లోపల్నుంచి కనకవ్వ, ఊపిరి కూడదీసుకుని. “నా పేరు గూడ యాడన్న రాయుండ్రి బిడ్డా. గప్పుడన్న దింపుతరేమో.”

“నాదేముంది వదినా, రూలు.”

రూలు ముప్పావుగంట నడిచి, పేర్లు కలవకుండానే అలసిపోయింది. లోపలికి వెళ్లేసరికి ఆమె మెషిన్ మీద వేరే ఎవరో పడుకుని ఉన్నారు. మళ్లీ రమ్మన్నారు.

శనివారం పొద్దున కనకవ్వ పాదాలు చెప్పుల్లో పట్టలేదు. లింగమూర్తి ఎవరినీ అడగలేదు. కారు కింద ఇటుకలు పెట్టి నాలుగు చక్రాలూ విప్పాడు. వాటిని కడిగి, తుడిచి, ఆఫీసు గోడకు వరసగా ఆనించాడు. తర్వాత పల్సానా రోడ్డు మీది పాత ఇనుము దుకాణానికి వెళ్లి చక్రాలు కావాలన్నాడు. దుకాణదారు తలెత్తకుండానే అడిగాడు.

“కౌన్ సీ గాడీ, చాచా? బోల్ట్ కిత్నే?”

ఇన్ని వారాల్లో ఏ బండి, ఎన్ని బోల్టులు అని అడిగిన మొదటి మనిషి ఆయనే. లింగమూర్తి మారుతి అని చెప్పి, వేళ్లతో నాలుగు చూపించాడు. మధ్యాహ్నానికి కనకవ్వ మెషిన్ మీద ఉంది. సాయంత్రానికి టీ చప్పగా ఉందని మొగుణ్ని తిడుతోంది.

ఆదివారం దాతలు ఆఫీసుకు వచ్చారు. గోడకు ఆనించిన నాలుగు చక్రాలు, నాలుగు నిటారు పేర్లు, ఒక్క బురద చుక్క లేదు. నరహరి కళ్లు తుడుచుకున్నాడు. దండలు వేశారు, అగరొత్తులు వెలిగించారు. ఇంజనీరు గారు మాట్లాడుతూ, ఒక వాహనాన్ని ఇంత శుభ్రంగా కాపాడిన డ్రైవరును తన సర్వీసులో చూడలేదని చెప్పి లింగమూర్తికి శాలువా కప్పారు. వార్షిక నివేదికలో ‘కారు అత్యుత్తమ స్థితిలో ఉన్నది’ అని రాసుకున్నారు.

కారు ఏదని ఈ రోజు వరకు ఒక్కరూ అడగలేదు. అది వారానికి రెండుసార్లు కనకవ్వను ఎక్కించుకుని ఎడమకూ కుడికీ తిరుగుతూ దవాఖానకు పోయి వస్తూనే ఉంది. ఈ సంగతి అచ్చులో చదివి మీరెవరైనా సంఘానికి చెప్పేస్తారేమోనని లింగమూర్తి మొదట్లో భయపడ్డాడు. ఇప్పుడు నిశ్చింతగా ఉన్నాడు. ఇదే పేజీ అడుగున ఈ ఏడాది దాతల జాబితా కూడా వేస్తున్నారని తెలిసింది. మీ కళ్లు ఈపాటికి అక్కడికి దిగే ఉంటాయి.