తిట్లు తిన్న పర్యాటకుల సంతృప్తి స్థాయి

పర్యాటకుల ప్రవర్తన మీదా, పర్యాటకం వల్ల కలిగే ప్రభావాల మీదా మా పురపాలక సంఘం చేయించిన శాస్త్రీయ అధ్యయనం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి ఊరంతా సంతోషిస్తున్నాం. ఊరంతా అంటే, ఊళ్ళో ఇంకా మిగిలినవాళ్ళం అని అర్థం చేసుకోగలరు.

మాది మెట్ల వీధి. రేవు దగ్గర మొదలై కొండ మీది పాత కోట దాకా మెట్లే. ఎదురెదురుగా ఇద్దరు గొడుగులు విప్పితే ఒకరి గొడుగు మూయాల్సిందే, అంత ఇరుకు. ఈ వీధికి పర్యాటకులు ఎందుకు వస్తారో మొదట్లో మాకు తెలియలేదు. వాళ్ళకీ తెలియదు. ముందువాళ్ళు వచ్చారు కాబట్టి వెనకవాళ్ళు వచ్చారు. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం మీద ఎవరో కూర్చుని తింటూ ఉంటారు. మన ఇంట్లోంచి మనం బయటికి రావడానికి వాళ్ళని బతిమాలుకోవాలి. వంటింటి కిటికీలోకి తల దూర్చి, కూర మాడుతోందని మనకే చెప్పిన పరోపకారులు కూడా ఉన్నారు.

ఈ గోడు చెప్పుకుందామని అందరం కలిసి పురపాలక అధ్యక్షుడుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపిగ్గా విని, "ఆధారాలు లేకుండా ఇబ్బంది పడడం బాధ్యతారాహిత్యం. ముందు అధ్యయనం జరగనివ్వండి. ఆ తర్వాత అందరం కలిసి శాస్త్రీయంగా ఇబ్బంది పడదాం" అని సెలవిచ్చారు. మాకు కొండంత ధైర్యం వచ్చింది.

అలా వచ్చాడు ఆచార్యుడు. వెంట ఒక పరిశోధకురాలు, నాలుగు పెట్టెల యంత్రాలు. ఆచార్యుడు ఈ విద్యలో ఎంత లోతుకు దిగినవాడంటే, మనిషి నడకని బట్టి వీరు ఆగి చూసే రకం, వీరు నడుస్తూ చూసే రకం, వీరు చూడకుండా ఫొటో తీసే రకం అని ఇట్టే చెప్పేస్తాడు. వీధిలో కాపురముండే మేం మాత్రం ఏ రకంలోకీ ఇమడలేదు. మమ్మల్ని 'పరిసరాలు' అనే శీర్షిక కింద సర్దాడు.

ఆ పరిసరాల్లో ముఖ్యమైనది తిట్ల పిన్ని. వీధికి సరిగ్గా నడుమ ఆవిడ ఇల్లు. ముందుగదిలో గొడుగులు బాగుచేసే బాబాయి, గుమ్మంలో ఆవిడ. పిన్ని నోట తిట్టు తినని ప్రాణి మా వీధిలో లేదు. ఏ రోజైనా మమ్మల్ని తిట్టకపోతే, ఒంట్లో బాగాలేదేమోనని వెళ్ళి పలకరించేవాళ్ళం. బాబాయికైతే పెళ్ళయిన నాటి నుంచీ మూడు పూటలా అదే ఆహారం. ఆయన మాత్రం గొడుగు ఊచ మీంచి కళ్ళెత్తకుండా, "కానీ, కానీ. గొంతు ఎండితే మంచినీళ్ళు తాగు" అనేవాడు.

ఒకనాడు ఓ జంట వచ్చి పిన్ని గుమ్మం మీద చతికిలబడి రొట్టె తినసాగింది. పిన్ని కొంగు బిగించింది. "లేవండి! మీ అత్తారిల్లనుకున్నారా? తిన్నది చాలక ముక్కలు నా గడప మీదే రాలుస్తారా? ఇంత దూరం వచ్చింది నా గుమ్మం నాకడానికా? కళ్ళు నెత్తికెక్కితే కనీసం నెత్తి అయినా చూసుకోండి, చూరు తగుల్తుంది!"

మెట్ల దిగువన పరిశోధకురాలు ఆ జంటని ఆపి, అనుభవం ఎలా ఉందని అడిగింది. వాళ్ళ కళ్ళలో నీళ్ళు. "ఎన్నో దేశాలు తిరిగాం. ప్రతివాళ్ళూ నవ్వుతూ ఏదో ఒకటి అంటగట్టారు. మాతో మనసు విప్పి మాట్లాడినావిడ ఈవిడొక్కతే" అన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదని కూడా చెప్పారు.

ఆచార్యుడు ఎగిరి గంతేశాడు. లెక్కలు కట్టించి చూస్తే, తిట్లు తిన్నవాళ్ళు తిననివాళ్ళ కంటే ఎక్కువసేపు ఉంటున్నారు, ఎక్కువ సంతోషంగా వెళ్తున్నారు, బంధువులకి చెప్పి పంపుతున్నారు. దీనికి 'ప్రతికూల ఆతిథ్య సిద్ధాంతం' అని పేరు పెట్టి పెద్ద సభలో చదివితే, తోటి పండితులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట.

అధ్యక్షుడుగారు స్వయంగా మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరాక ఉపన్యసించారు. "తరతరాలుగా మన వీధుల్లో తిట్లు నిరుపయోగంగా పడి ఉన్నాయి. ఇంటి నాలుగు గోడల మధ్య వృథా అవుతున్న ఆ సంపదని వెలికితీసి ప్రపంచానికి అందించే మహత్తర అవకాశం ఈ మాతృమూర్తికి దక్కింది. ఈ రోజు నుంచి ఆమెను మన ఊరి అధికారిక తిట్ల ప్రతినిధిగా ప్రకటిస్తున్నాను!"

"నన్ను తిట్టమని చెప్పడానికి నువ్వెవడివయ్యా?" అంది పిన్ని. ఆచార్యుడు ఆ వాక్యాన్ని చక్కని నమూనాగా రికార్డు చేసుకున్నాడు.

కానీ పిన్ని చివరికి ఒప్పుకుంది. ఎందుకో వీధికంతటికీ తెలుసు. బాబాయి గుండె కొన్నాళ్ళుగా మొరాయిస్తోంది. రేవు దగ్గరి ఆసుపత్రికి దిగాలన్నా, తిరిగి ఎక్కాలన్నా ఈ జనంలో నరకమే. "ఓ గోడవారగా మనిషి పట్టేంత దారి వదిలించండి. మీకు కావలసినంత తిడతా" అంది. అధ్యక్షుడుగారు గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చారు. ఇచ్చిన మాట ప్రకారం గోడవారగా కింది నుంచి పై దాకా పచ్చరంగు గీత గీయించారు. అంత చక్కటి గీత కనబడేసరికి, తిట్లు తినదలచిన వాళ్ళంతా దాని మీద బారులు తీరి నిలబడ్డారు. ఇంతకుముందు అడ్డదిడ్డంగా ఉండే జనం ఇప్పుడు క్రమశిక్షణతో దారికి అడ్డం నిలబడుతున్నారని నివేదికలో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

పిన్ని మాత్రం వాడిపోయింది. కోపం రానిదే తిట్టడం ఆకలి లేకుండా తినడం లాంటిదని మొదటివారంలోనే తెలిసొచ్చింది. ఓ రోజు బాబాయి ఊచకి గుడ్డ బిగిస్తూ, "ఏమేవ్, ఈమధ్య నన్నసలు పట్టించుకోవడమే లేదు?" అన్నాడు.

"నీ దాకా ఎక్కడ మిగుల్తోందయ్యా? ఉన్నదంతా ఆ దారిన పోయేవాళ్ళకే చాలడంలేదు."

"మిగిల్చి పెట్టవే. అలవాటైన ప్రాణం."

పిన్ని ఆ మాటకి లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. బయట వరసలో వాళ్ళు ఆలస్యమవుతోందని ఫిర్యాదు చేశారు.

అది మంచి రద్దీ రోజు. మధ్యాహ్నం. మా పక్కింటి టైలరూ నేనూ మా అరుగు మీద ఉన్నాం. లోపల గొడుగులన్నీ ఒక్కసారి కూలిన చప్పుడైంది. పిన్ని గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"తప్పుకోండి! మా ఆయన పడిపోయాడు! దారివ్వండర్రా!"

జనం హోరుమన్నారు. ఫోన్లన్నీ లేచాయి. వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన గైడు గొంతు సవరించుకుని, తన భర్తకి ఏదో అయిందని ఆమె అంటోందని, ఇది ఈ ప్రదర్శనలో అరుదైన ఘట్టమని, అదృష్టవంతులకే దొరుకుతుందని వివరించాడు. భాష తెలియనివాళ్ళు చప్పట్లు కొట్టారు. భాష తెలిసినవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. "ఈ రోజు మాంచి ఊపు మీదుంది" అన్నారు.

పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ బతిమాలని పిన్ని రెండు చేతులూ జోడించింది. "దండం పెడతా బాబూ... మీ కాళ్ళు పట్టుకుంటా. మనిషి పోతున్నాడు."

"ఇదేంటి? తిట్లని చెప్పి తీసుకొచ్చారు, ఏడుపు చూపిస్తున్నారు?" అని ఒకాయన గైడుని నిలదీశాడు.

టైలరు బాబాయిని వీపున ఎత్తుకున్నాడు. నేను ముందు నడిచి జనాన్ని తోస్తున్నాను. పరిశోధకురాలు చేతిలో యంత్రం పారేసి, గొంతు చించుకుని అరుస్తూ మాకు తోడొచ్చింది. కింద రేవు దగ్గర, కబురందుకుని బయల్దేరిన ఆసుపత్రివాళ్ళు స్ట్రెచర్‌తో పచ్చగీత మీద ఇరుక్కుపోయారు. వాళ్ళు ముందుకి రాబోతే, గీత మీదివాళ్ళు భుజాలు అడ్డం పెట్టారు. "మేమూ ఎప్పట్నుంచో లైన్లో ఉన్నామండీ. మీకొక్కరికేనా తొందర?" అన్నారు. న్యాయమైన మాటే.

సగం మెట్లు దిగాక టైలరు ఆగిపోయాడు. "బరువు మారిందన్నా" అన్నాడు నాతో. బాబాయిని ఎవరి ఇంటి గుమ్మం మీదో పడుకోబెట్టాం. పిన్ని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. తిట్టింది. చాలా మెల్లగా, చెవి దగ్గర, ఎన్నాళ్ళుగానో బాకీ పడ్డవన్నీ తిట్టింది. వెనకవరసలో వాళ్ళకి వినపడలేదని కొంత అసంతృప్తి వ్యక్తమైంది.

ఆ మధ్యాహ్నపు సంతృప్తి స్థాయి అధ్యయన చరిత్రలోనే అత్యధికమని నివేదిక చెబుతోంది. పరిశోధకురాలు యంత్రం పారేయడం వల్ల కొంత విలువైన సమాచారం నష్టపోయామని ఆచార్యుడు విచారం వెలిబుచ్చాడు. ఆమె ఉద్యోగం మానేసింది. 'నివాసుల మీద ప్రభావం' అన్న అధ్యాయంలో, ఒక నివాసి తగ్గాడని, తత్ఫలితంగా వీధిలో రద్దీ ఆ మేరకు సడలిందని రాశారు.

పిన్ని ఇప్పుడు గుమ్మంలో కూర్చుంటుంది. మాట్లాడదు. ఎవరు ఆమె గడప మీద కూర్చుని తిన్నా, పక్కకి జరిగి చోటిస్తుంది. పర్యాటకులు నిరాశపడకుండా సంఘంవారు వెంటనే నాటకాల కంపెనీ నుంచి ఒకావిడని నియమించారు. చక్కగా తిడుతుంది, ఎవరినీ నొప్పించదు. ఆదివారాలు సెలవు.

ఆ రోజు తీసిన వీడియోలన్నిట్లోకీ ఒకటి లోకమంతా తిరిగింది. మీకూ ఎవరో పంపే ఉంటారు. నోరంతా తెరిచి, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా చేతులు జోడించి అరుస్తూ ఒక ముసలావిడ. తెలియక నవ్వారని మిమ్మల్ని మేం తప్పుపట్టం. ఆవిడ దేనికి అరుస్తోందో వీడియో కింద రాసే ఉంది. మీరు చదివారు కూడా. చదివాక, ఇంకోసారి చూశారు.