ఘాటు రాని మిరపకాయలు

ఆ రోజు పొద్దున్నే రేణుక అనుకున్న పని ఒక్కటే, కూతురికి దిష్టి తీయడం. పది నెలల సింధూర రాత్రంతా ఏడుస్తూనే ఉంది. ముందురోజు సాయంత్రం పక్కింటి వెంకటలక్ష్మి గోడ మీద నుంచి చూసి "మీ పాప భలే బొద్దుగా ఉందమ్మా" అంది. రేణుక అత్త మైసమ్మకు అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. ఇబ్రహీంపట్నంలో ఏ గల్లీలోకి పోయినా ఏదో ఒక గేటు ముందు బ్లీచింగ్ పౌడరు తెల్లగా కనబడుతోంది. రేణుక భర్త బాలరాజ్ ప్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తాడు. కొనేవాళ్లు తగ్గిపోవడంతో ఎక్కువసేపు ఇంట్లోనే కూర్చుని, ఫోన్‌లో వచ్చినవన్నీ చదివి ఒక కట్టడి పెట్టాడు. ఎవరికి దగ్గు వచ్చినా, వాసన తెలియకపోయినా వాళ్లు మేడ మీది గదిలోకి పోవాలి, పాప వెంటనే మైసమ్మతో వాళ్ల ఊరు యాచారం పోవాలి. పాప ఇంతవరకు ఒక్క పూట కూడా తల్లిని వదిలి ఉండలేదు. తల్లి సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

మైసమ్మ పాపను ఎత్తుకుని గడప మీద కూర్చుంది. రేణుక ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి పాప చుట్టూ తిప్పి, గోడ పక్కన ఉన్న బొగ్గుల కుంపట్లో వేసింది. పొగ లేచింది. లేచిన పొగను గాలి అక్కడికక్కడే పట్టుకుని గోడ దాటించి వెంకటలక్ష్మి ఇంటి కిటికీలోకి పంపింది. ఇవతలికి చిటికెడు కూడా రాలేదు.

"అత్తా, ఘాటు వస్తలేదు."

"ఎట్లొస్తది? గంత దిష్టి తాకింది పోరికి. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదు" అంది మైసమ్మ. తన అనుమానం నిజమైనందుకు ఆమె ముఖం వెలిగిపోతోంది.

రేణుక ముఖం మాత్రం పాలిపోయింది. వాసన తెలియకపోవడం దేనికి గుర్తో ఆ రోజుల్లో చిన్న పిల్లలు కూడా చెప్పగలరు. భర్తతో చెప్పే ముందు ఒకసారి సరిచూసుకుందామని ఇంకో గుప్పెడు వేసింది. రాలేదు. వంటింట్లోకి పోయి డబ్బా తెచ్చి సగం కుమ్మరించింది. గాలి ఒక్క పోగు కూడా వదలకుండా పక్కింటికి మోసుకుపోయింది.

పక్కింట్లో ముందుగా వెంకటసుబ్బారావు దగ్గాడు. ఆ తర్వాత వెంకటలక్ష్మి అందుకుంది.

"ఏవండీ, గొంతు మండిపోతోంది. మిరపకాయల ఘాటులా లేదూ?"

"ఈ ఊళ్లో మిరపకాయలకి అంత ఘాటు ఎక్కడిదే? గుంటూరులో పుట్టినవాణ్ణి, నాకు తెలీదా? ఇది అదే. ఆ యశోదకి ఫోన్ చెయ్యి."

యశోద ఆ వాడకు ఆశా కార్యకర్త.

గోడకు ఇవతల రేణుక ఆ దగ్గులు విన్నది. ఇక సందేహమే లేదు. నిన్న గోడ మీద నుంచి వంగి మాట్లాడినావిడకు ఇవాళ దగ్గు, తనకు వాసన లేదు. ఒక మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుని, పెరటి మూలకు పోయి నిలబడి భర్తను పిలిచింది.

"ఏమయ్యా, నాకు వాసన తెలుస్తలేదు."

బాలరాజ్ వస్తున్నవాడల్లా గుమ్మంలోనే ఆగిపోయాడు. "దేనిది?"

"మిరపకాయలది. నువ్వొచ్చి జర చూడరాదు, నీకేమన్న వస్తదేమో."

"నేనెందుకు చూడాలె? నాకేమైంది?" అని ముక్కు మూసుకుని లోపలికి పోయి, సంచిలో పాప బట్టలు సర్దాడు. సర్దుతూనే ఆటో కొండల్‌కు ఫోన్ చేశాడు.

ఆటో వచ్చేసరికి యశోద కూడా పరీక్ష చేసే డబ్బాతో వెంకటలక్ష్మి గేటు దగ్గరికి వచ్చింది. గేటు తీసిందో లేదో ఆమెకూ దగ్గు తెర అందుకుంది. కూరగాయల బండి వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఆశా కార్యకర్తే దగ్గుతుంటే ఇంకేం మిగిలిందని గల్లీలో తలుపులన్నీ వరసగా మూసుకున్నాయి.

"దిష్టి తీసుడు ఇంకా కాలేదురా" అని మైసమ్మ గొణుగుతున్నా వినకుండా బాలరాజ్ తల్లిని, పాపను ఆటోలో కూర్చోబెట్టాడు. పాప రేణుక వైపు చేతులు చాపి ఏడుపు మొదలుపెట్టింది. రేణుక చేతులు వాటంతట అవే లేచాయి. దగ్గరికి పోవడానికి కాళ్లు రాలేదు. తనకున్నది పాపకు అంటితే ఎలా?

సరిగ్గా అప్పుడు గాలి మళ్లింది. సగం డబ్బా మిరపకాయల పొగ గుప్పున రేణుక మీదికి వచ్చింది. ఆమె వంగిపోయి దగ్గింది. కళ్ల నీళ్లు కారుతుంటే, దగ్గుకూ దగ్గుకూ మధ్య నవ్వడం మొదలుపెట్టింది.

"వచ్చింది. వాసనొచ్చింది. ఏమయ్యా, పాపను దించు."

"ఇగ దగ్గు గూడ షురువైంది. పోనియ్ అన్నా" అన్నాడు బాలరాజ్.

కొండల్ ఆటోను కదిలించబోయి, తనూ దగ్గి, ఇంజను ఆపేశాడు. "పోనిస్త గని, గీ మిరపకాయలు ఎవలింట్ల మాడ్తున్నయ్ బాలరాజన్నా? కండ్లు కనవడ్తలెవ్వు."

వెంకటసుబ్బారావు గోడ మీద నుంచి తొంగి కుంపటిని చూశాడు. వెంకటలక్ష్మి భర్తను చూసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"మా ఇంట్లనే. నేనే కాల్వమన్న" అంది మైసమ్మ ఆటోలో నుంచి తీరిగ్గా.

"మరి పొగ పక్కింటికి పోతున్నదని చెప్పవేందమ్మా?" అన్నాడు బాలరాజ్.

"నన్ను ఎవలన్న అడిగిన్రా?"

యశోద ఇవతలికి వచ్చి కుంపటి మీద బిందెడు నీళ్లు గుమ్మరించింది. "ఎట్లాగూ వచ్చిన, డబ్బా గూడ తెరిచిన. అందరికీ పరీక్ష చేసే పోత. ఇంకోసారి ఉరికిచ్చిన్రంటే ఊకోను" అంది. వెంకటసుబ్బారావు దంపతులు, రేణుక, మైసమ్మ వరసగా ముక్కులు అప్పగించారు. బాలరాజ్ ఒక్కడే వెనక్కి జరిగాడు.

"నాకెందుకు యశోదక్కా? దగ్గు లేదు, వాసన మంచిగొస్తది."

"ముచ్చట్లు తర్వాత చెప్పు. తల పైకెత్తు."

మిగిలిన అందరికీ ఒక్కటే గీత వచ్చింది. బాలరాజ్‌కు రెండు వచ్చాయి, అంటే కరోనా ఉన్నట్టే. నాలుగు రోజుల కింద కొంగరకలాన్‌లో ఎవరికో ప్లాటు చూపిస్తూ మాస్కును గడ్డం కిందికి దించిన సంగతి యశోద గుచ్చి గుచ్చి అడిగితే బయటికి వచ్చింది.

"ఇగ పాపను ఊరికి పంపాల్నా అక్కా?" అంది రేణుక.

"ఏడికీ పంపొద్దు. నీకు వచ్చినా సరే, మాస్కు పెట్టుకొని, చేతులు కడుక్కొని పాలియ్యొచ్చు. తల్లినీ పిల్లనూ విడదీయమని మీకు ఎవలు చెప్పిన్రు?"

బాలరాజ్ ఫోన్‌ను జేబులోకి తోసుకున్నాడు. రేణుక ఒక్క అంగలో ఆటో దగ్గరికి పోయి పాపను ఎత్తుకుంది. ఏడ్చి ఏడ్చి అలిసిన సింధూర తల్లి భుజం మీద రెండు నిమిషాల్లో నిద్రపోయింది. దిష్టి మంచిగా దిగిందని మైసమ్మ అందరికీ చెప్పింది.

బాలరాజ్ చేతిలో ఉన్న సంచితోనే మేడెక్కాడు. గదిలో గడియ పెట్టుకుని విప్పి చూసుకుంటే అన్నీ పాప గౌన్లే.

మధ్యాహ్నం అతను పై నుంచి ఫోన్ చేసి, కింద పప్పు మాడుతున్న వాసన వస్తోంది, చూడమన్నాడు. పాప పక్కన పడుకున్న రేణుక వంటింట్లోకి పోయి చూస్తే నిజంగానే మాడుతోంది.