లోరీన్ మూయించిన బడులు

ఆ ఉదయం లోరీన్ హాల్వర్సన్ అనుకున్న పని చిన్నదే. విల్లో క్రాసింగ్ అనే మారుమూల ఊరి బడికి వెళ్లి, పిల్లలతో పాన్‌కేకులు తిని, మధ్యాహ్నానికల్లా రాజధానికి తిరిగి రావాలి. చిన్న బడులను మూసేసే బిల్లు ఆ రోజే శాసనసభలో ఓటుకు వస్తోంది. అలాంటి బడిలోనే లెక్కలు చెప్పి, తర్వాత జనం ఓట్లతో రాష్ట్ర విద్యాధికారి అయిన మనిషి ఆమె. శరదృతువులో మూడోసారి పోటీ చేయాలి. ఆ బిల్లు పేరెత్తితే చాలు, ఆమెకు ఒళ్లు మండిపోయేది.

కారులో ఉండగానే రేడియో వాళ్లు ఫోన్ చేశారు. "చిన్న బడులు దండగంటున్నారు గవర్నర్ గారు. మీరేమంటారు మేడమ్?"

"మూసేయమనండి! చిన్నవేం ఖర్మ? బడులన్నీ ఈరోజే మూసేయండి! అప్పుడు తెలుస్తుంది ఆయనకి!"

అంతలో సిగ్నల్ పోయింది. రేడియో వాళ్లు వార్తల్లో నడిమి ముక్క మాత్రమే వినిపించారు: "బడులన్నీ ఈరోజే మూసేయండి!"

విద్యాధికారే మూసేయమన్నారంటే మంచు తుఫాను కాబోలనుకుని ఒక హెడ్‌మాస్టరు పిల్లల బస్సులను వెనక్కి తిప్పాడు. ఆ బస్సులను చూసి పక్క ఊరి హెడ్‌మాస్టరూ తిప్పాడు. అలా చూస్తుండగానే రాష్ట్రమంతా బడులు మూతపడ్డాయి.

విల్లో క్రాసింగ్‌లో బడికి తాళం వేసి ఉంది. లోరీన్ తలుపు మీద దబదబా బాదింది.

"నేనొస్తున్నానని తెలిసే తాళం వేశారు! ఇదంతా ఆ గవర్నర్ వేడ్ పనే!"

"గవర్నర్ గారు ఇంత పొద్దున్నే లేవరు మేడమ్," అన్నాడు కారు నడిపే సహాయకుడు డెల్మర్.

"నోరుమూసుకుని ఫోన్ కలుపు!"

బడి మెట్టెక్కి నిలబడితేగాని సిగ్నల్ అందలేదు. "సిగ్గులేదా వేడ్? బడులు మూయిస్తావా?" అని అరిచింది.

"నేనా? రేడియోలో చెప్పింది నువ్వేగా! తుఫాను ఎటునుంచి వస్తోంది?"

"నీ నెత్తి మీదకి వస్తోంది!" అని ఫోన్ పెట్టేసింది.

రాజధాని మీదకే తుఫాను వస్తోందని గవర్నర్‌కు అర్థమైంది. ఎర్రటి ఎండలో మంచు తోసే బళ్లన్నీ రోడ్డెక్కాయి. వాటిని చూసిన జనం దుకాణాల మీద పడి, బ్రెడ్డూ పాలూ మిగల్చకుండా ఊడ్చేశారు. అడ్డొచ్చిన ప్రతి బండినీ తిట్టుకుంటూ లోరీన్ శాసనసభకు చేరింది.

లోపల తిరునాళ్లలా ఉంది. ఇంట్లో చూసేవాళ్లు లేక సభ్యులంతా పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. బల్లల కింద దాగుడుమూతలు, బల్లల మీద కుస్తీలు. బిల్లు పెట్టిన సభ్యుడి టైను మనవడు పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఒక్క పూటకే ప్రాణం పోతోంది!" అని ఆయన గోలపెట్టాడు. "రేపు బడి మూతపడితే వీణ్ణి ఎవరు మోస్తారయ్యా?"

తన బిల్లుకు తానే వ్యతిరేకంగా ఓటేశాడు. మిగతావాళ్లూ అదే పని చేశారు. బిల్లు వీగిపోయింది. కడిగిపారేయాలని వచ్చిన లోరీన్‌కు మాట్లాడే అవకాశమే దొరకలేదు.

గవర్నర్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఏం ఎత్తు వేశావు లోరీన్! దెబ్బకి పడగొట్టావు!"

"ఎత్తూ లేదు, నీ మొహమూ లేదు! కోపంలో అన్నాను!"

"పెద్ద ఆటగాళ్లంతా ఇలాగే అంటారు."

ఎవరికి చెప్పినా కన్నుగీటి వెళ్లిపోయారు. ఎన్నికలొచ్చేసరికి ఆమె మీద పోటీకి ఎవరూ సాహసించలేదు. పిల్లలకు లెక్కలు నేర్పినన్నాళ్లూ, ఆఫీసులో పద్ధతిగా పనిచేసినన్నాళ్లూ రాని పేరు, నోరుజారిన ఒక్క పూటతో వచ్చేసింది.

గెలిచానని తెలిసినప్పుడు ఆమెకు మళ్లీ కోపమొచ్చింది కానీ, ఈసారి చుట్టూ రేడియో వాళ్లు లేరని చూసుకున్నాకే అరిచింది.