సుంకన్న నోట్లో తెల్లపూత

ప్రపంచంలోని ప్రతి పుండూ ఏదో ఒక శాఖ కిందికి వస్తుంది. అది ఏ శాఖదో తేలకముందే మానిపోవడం క్రమశిక్షణారాహిత్యం.

ఈ విషయంలో సుంకన్న నోరు నిబంధనలను తు.చ. తప్పకుండా పాటించింది. రాయచూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డున బొగ్గుతో నడిచే ఒక కరెంటు ప్లాంటులో అతనిది బూడిద విభాగం. మూడు నెలలుగా నాలుక మీద తెల్లపూత, దాని కింద పుండ్లు. యాపలదిన్నిలో పుట్టి, జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కుతో పెరిగిన మనిషి, చప్పటి పెరుగన్నం మింగుతూ భార్య రంగనాయకమ్మ కంచం వైపు చూసేవాడు. పాపం, ఒకరోజు ఏడ్చాడు కూడా.

ప్లాంటు కాలనీ దవాఖానలో కాంపౌండర్ జయతీర్థ దగ్గర నోటిపూతకు మందు ఒకటే, బి-కాంప్లెక్స్. (మోకాళ్ల నొప్పికీ అదే. రంగు కూడా మారదు.) ఆరు పట్టీల బిళ్లలు మింగినా తగ్గకపోయేసరికి ఆయన టార్చి వేసి చూశాడు. పూత తెల్లగా ఉంది, మనిషి బూడిద విభాగం. ఇంకేం కావాలి!

"ఇది రోగం కాదప్పా, బూడిద. మా కిందికి రాదు. మీ డిపార్ట్‌మెంటు కాడికే పో."

డిపార్ట్‌మెంటు అగ్గిమీద గుగ్గిలమైంది. కాలనీలోకి బూడిద రాదని పర్యావరణ విభాగం ఏటా సంతకం పెట్టి ఇస్తోంది. (సంతకం పెట్టేటప్పుడు కిటికీలు మూసుకుంటారు.) నోటిని పరీక్షకు పంపమన్నారు. నోరు విడిగా రానందున కాస్త పూత పంపారు. బొగ్గును పరీక్షించే ల్యాబు ఇరవై రెండో రోజున తేల్చింది: "బూడిద కాదు. మండే గుణం లేదు."

"మండదంటనా? వాళ్ల నోట్ల పెట్టుకొని చూడమను!" అని రంగనాయకమ్మ మొగుడిని రాయచూరు బస్సెక్కించింది.

అక్కడ డాక్టర్ సహన పూతను మెల్లగా గీకి చూసింది. "ఇది ఫంగస్. ఒక రకం బూజు. దమ్ముకు పీల్చే మందు వాడుతున్నారా?"

"ఆరు నెల్ల సంది మేడం. కాలనీ దవాఖానల్నే ఇచ్చిన్రు."

"పీల్చినాక నోరు పుక్కిలిస్తున్నారా?"

"గట్లని ఎవరూ చెప్పలే గద!"

(చెప్పే చీటీ మందు డబ్బాలోనే ఉండింది. అది సంస్థ ఆస్తి గనుక జయతీర్థ ఫైలులో భద్రపరిచాడు.)

"ఆ మందు మాత్రం మానొద్దు. పీల్చినప్పుడల్లా నీళ్లతో పుక్కిలించండి, చాలు," అంటూ ఆమె నోట్లో రాసుకునే మందు ఇచ్చింది.

పదిహేను రోజుల్లో పుండ్లు మానాయి. సుంకన్న నాలుగు రొట్టెలు తొక్కుతో తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఈసారి కారానికే. ప్రాణం లేచొచ్చింది.

మర్నాడే దవాఖాన నుంచి ఉత్తరం వచ్చింది. "మీ నోటిలోనిది బూడిద కాదని శాస్త్రీయముగా రుజువైనందున, ఊపిరితిత్తులలోనూ బూడిద లేదని నిర్ధారించడమైనది. కావున పీల్చు మందు రద్దు చేయడమైనది. ముట్టినట్లు సంతకము చేయగలరు."

ఉత్తరం మీద పేరుకున్న సన్నటి పొడిని ఊదేసి, సుంకన్న దగ్గుతూ సంతకం పెట్టాడు.