ఎర్ర పెన్నూ, అల్మారా చీటీలూ

నలభై ఏళ్లు పత్రికలో అచ్చుతప్పులు దిద్ది రిటైరైన పెద్దాయనకు డెబ్బై నాలుగో ఏట మోకాళ్లు మొరాయించాయి. కసరత్తులేమీ వద్దనీ, అరగంటకొకసారి లేచి ఏదో ఒక చిన్న పని చేస్తే చాలుననీ ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పింది. నెల తర్వాత కూడా ఇలాగే ఉంటే వాకర్ తప్పదంది. ఇంత తేలిక వైద్యం పనిచేస్తుందా అని ఆయనకు కుతూహలం పుట్టింది. నవ్వుతారని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సోమవారం ఉదయమే మొదలుపెట్టాడు.

తొమ్మిదింటికి వంటింట్లో చెంచాలు తుడిచి సర్దాడు. తొమ్మిదిన్నరకు సర్దడానికేమీ మిగలక, కాసేపు నిలబడి వచ్చేశాడు. పదింటికి దండెం మీది బట్టలు మడతపెట్టాడు. అవి తడిగా ఉన్నాయని తెలిసి పదిన్నరకు మళ్లీ ఆరేశాడు.

పదకొండింటికి మళ్లీ వంటింట్లోకి వెళ్తే, ఏం కావాలని కోడలు అడిగింది. "ఏం లేదమ్మా, ఊరికే వచ్చాను" అన్నాడు.

ఆమె కంగారుపడింది. మామగారికి మతిమరుపు మొదలైందని ఆఫీసులో ఉన్న భర్తకు ఫోన్ చేసింది. అతను సాయంత్రం వచ్చి, లోపల ఏముందో రాసిన చీటీలు ప్రతి అల్మారాకూ అంటించాడు.

పెద్దాయనకు పండగే అయింది. చీటీల నిండా తప్పులే. అరగంటకొకటి చొప్పున ఎర్ర పెన్నుతో దిద్దుతూ ఇల్లంతా తిరిగాడు. వాటిని చూసి కొడుకు మరింత బెంగపడి, కొత్త చీటీలు రాశాడు. వాటిలో మరిన్ని తప్పులు దొర్లాయి. నెలంతా ఇదే వరస. సొంతింట్లో ఏది ఎక్కడుందో వీడికి రాసిపెట్టుకుంటే తప్ప తెలియడం లేదేమిటని పెద్దాయనకు అనుమానం మొదలైంది.

ఒకనాడు కొడుకు మెల్లగా అడిగాడు. "నాన్నా, ఇవాళ ఏ వారం?"

పెద్దాయన కళ్లు చెమర్చాయి. "నీకు గుర్తులేదా బాబూ? నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది, ఇద్దరం వెళ్లొద్దాం."

డాక్టరమ్మ ముందు కొడుకు నాన్న మతిమరుపు గురించీ, నాన్న కొడుకు మతిమరుపు గురించీ ఒకేసారి చెప్పారు. ఆవిడ ఓపిగ్గా విని, చీటీల సంగతి, చెంచాల సంగతి విడదీసి చెప్పింది. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి మళ్లీ మళ్లీ లేచి కూర్చోమంది. పోయిన నెల నాలుగుసార్లకే ఆగిపోయిన పెద్దాయన ఈసారి పదకొండుసార్లు లేచాడు. వాకర్ మాట ఎత్తే పనే లేదంది ఆవిడ.

ఆనందం పట్టలేక, ఇంత తేలికా అంటూ కొడుకు కూడా కూర్చుని లేవబోయాడు. ఆరోసారికి నడుం పట్టేసింది.

ఇంటి దగ్గర తండ్రి కారు తలుపు తీసి చెయ్యి అందించాడు. కొడుకు జాగ్రత్తగా దిగాడు.